జల్లెడలో ఎర్ర దారాలు

ఆసుపత్రిలో మిగిలిన తిండిని పురుగులకు మేపి, అవి తిని వదిలినదాన్ని ఎరువుగా జల్లించడం ఆమె పని. ఆ రోజు జల్లెడలో ఎర్ర దారాలు తేలాయి. దులిపి పక్కన పెడుతూ లెక్కపెట్టింది. తొమ్మిది.

పురుగులు అన్నీ తింటాయి, దారం తినవు.

ఆకులో చుట్టిన అన్నం పొట్లానికి తను రోజూ కట్టే దారమే అది. ఒక్కదానికీ ముడి విప్పలేదు.

అదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో ఆమె భర్త ఉన్నాడు. పొద్దున పొట్లం ఇచ్చి పనిలోకి వెళ్లి, సాయంత్రం "తిన్నారా?" అని రోజూ అడిగేది. "శుభ్రంగా తిన్నానే, మెతుకు మిగల్చలేదు" అనేవాడు.

చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తింది. దారాలు ఆయన దుప్పటి మీద పడేసింది.

"తొమ్మిది రోజులు! కడుపు మాడ్చుకుని చచ్చిపోదామనా? నేనేమైపోవాలి?"

ఆయన ఆ దారాలను ఒక్కొక్కటిగా ఏరి గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"గొంతు దిగట్లేదే. ఇక దిగదని డాక్టరుగారు కూడా చెప్పేశారు. నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను."

ఆమె చూపు మంచం పక్కనున్న ఎంగిలి బకెట్టు మీద పడింది.

"ఈ బకెట్టు నీ షెడ్డుకే వెళ్తుందని ఆయా చెప్పింది. అందుకే అందులో వేయించాను. నీ చేతి వంట ఊరికే పోకూడదు కదా. నీ పురుగులైనా తింటాయనుకున్నాను."

మర్నాడు కూడా ఆమె వండి తెచ్చింది. పొట్లం విప్పి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని, నిండా వాసన పీల్చాడు.

"ఉప్పు కాస్త ఎక్కువైందే."

"రేపు తగ్గిస్తాలెండి" అని, బకెట్టు తనే దగ్గరికి లాగింది.