ఎడమ పక్క టైరు

కారు కిందకి వంగి చూసిన వ్యాను డ్రైవరు పెదవి విరిచాడు. ముందు చక్రాల్లో ఎడమ పక్క టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. కుడిది మాత్రం నిక్షేపంలా ఉంది.

ఏళ్ల తరబడి వ్యాను తోలుతున్నవాడు. టైరు చూస్తే చాలు, బండిలో ఎవరు ఎటు కూర్చుంటారో చెప్పేయగలనని అతని ధీమా. నిప్పు లేనిదే పొగ రాదు, బరువు లేనిదే టైరు అరగదు.

కారు అతని బావది. అక్క అలిగి తమ్ముడింటికి వచ్చేసి వేసవంతా గడిచిపోయింది. గొడవంతా ఈ కారు వల్లే. పాత చిన్న కారు. టైలరు బావకి ఈ వయసులో కుర్ర సరదా పుట్టి, స్ప్రింగులు కోయించి దాన్ని నేలకి దించాడు. గతుకు తగిలినప్పుడల్లా అక్కకి నడుము పట్టేసేది. “అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి” అంది. కారు ఉండిపోయింది.

పొద్దున అక్క కాస్త మెత్తబడింది. “నువ్వెళ్లి చూసి రారా. ఒంటరిగా ఉంటున్నాడంటే నోరు మూసుకుని వెళ్లిపోతాను. ఇంకెవరైనా ఉన్నారని తెలిస్తే మాత్రం ఈ జన్మకి ఆ గడప తొక్కను” అంది. బట్టలు సర్దుకుని, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంది.

బావ కారుకి రెండు పక్కలా స్టూళ్లు వేసి, చక్రాల పక్క నుంచి దారం బిగించి కట్టాడు. దారానికీ రిమ్ము అంచుకీ మధ్య ఎంత దూరముందో బట్టలు కొలిచే టేపుతోనే కొలుస్తున్నాడు.

“చక్రాల అలైన్‌మెంటు షెడ్డులో మిషను మీద చేయించొచ్చుగా బావా?”

“ర్యాంపు ఎక్కిస్తుంటే బంపరు కొట్టుకుందిరా. ఇంత కిందున్న బండి మావల్ల కాదు, సామాన్లన్నీ మార్చమన్నారు. వాళ్లకి పెట్టే డబ్బుతో ఇంకో కారే వస్తుంది. దారం, టేపు నా దగ్గర ఎలాగూ ఉన్నాయి.”

వ్యాను డ్రైవరు తలుపు తీశాడు. రెండు సీట్లలోనూ ఇసుక మూటలున్నాయి. ఎడమ సీటుకి నడుము ఆనే చోట కొత్త దిండు కూడా అమర్చి ఉంది. అక్క ఉన్నన్నాళ్లూ ఇలాంటి మర్యాదలు లేవు.

“ఈ మూటలేంటి?”

“బండి బాగా కిందుంది కదా. మనిషి కూర్చుంటే చక్రాల వాలు మారిపోతుంది. ఎవరెక్కడ కూర్చుంటారో అక్కడ అంత బరువు పెట్టి కొలవాలి.”

డ్రైవరు సీట్లోది బావ బరువు. మరి ఎడమ సీట్లోది?

“ఈ పక్క ఎవరు కూర్చుంటారు?”

బావ చేతిలో టేపు ఆగింది. “ఎవరూ లేరు.”

“లేనివాళ్లకి బరువెందుకు?”

“నీకెందుకురా? ఆ దారానికి తగలకుండా నిలబడు.”

ఆడవాళ్ల బట్టలు కుట్టే మనిషి. పొద్దస్తమానం షాపులో ఎవరో ఒకరు ఉంటారు. అయినా బావని ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఇప్పుడు మాత్రం ఎడమ సీట్లోని ఒక మూట పైకెత్తబోయాడు.

“తియ్యకు, లెక్క తప్పుతుంది.”

“అయితే ఆవిడ బరువు అంత కచ్చితంగా తెలుసన్నమాట.”

“తెలుసు” అన్నాడు బావ తలెత్తకుండా. “మీ అక్కకి మాత్రం చెప్పకు.”

ఇంకేం కావాలి? వ్యాను డ్రైవరు ఫోను తీశాడు. మొదటి రింగుకే అక్క ఎత్తింది. “చెప్పరా” అంది. ఆ గొంతులో ఆశ వినిపించేసరికి అతను ఫోను కట్ చెయ్యకుండానే బావ మీదకి తిరిగాడు.

“నువ్వు దాచినా టైరు దాచదు బావా. రోజూ ఆ సీట్లో ఎవరో ఒకరు కూర్చోకపోతే అంతలా ఎందుకరుగుతుంది?”

బావ దారం వదిలేసి లేచాడు.

“ఎవరైనా కూర్చుంటే అరిగేదే కాదురా, ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని ప్రతిసారీ మీ అక్క బరువుకే చక్రం సరిచేస్తున్నాను, ఆ సీటేమో ఖాళీగానే ఉంటోంది.”