కూర అడిగిన ఉత్తరం

ఇంటింటికీ ఉత్తరాల జల్లెడ పెట్టె తప్పనిసరైన రోజులవి. యంత్రాలు మన చుట్టాల పేర్లతో, వాళ్ల యాసలోనే దొంగ ఈమెయిళ్లు రాసేవి. మా హైమ పిన్ని జారిపడిందని రోజూ ఒక కబురు వచ్చేది. నమ్మి నొక్కితే ఇంటి తాళాలన్నీ దొంగల చేతికి పోయినట్టే.

పెట్టె కొన్నాం గానీ, అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేయాలన్నదే తగువు.

"అన్నిటికన్నా కఠినమైనది వేద్దాం. పడ్డారు, పోయారు అన్న ప్రతి ఉత్తరాన్నీ ఆపేస్తుందట," అన్నారు మావారు కామేశం.

"మరి పిన్ని నిజంగానే పడితేనోనండీ?"

చివరికి, ఇంట్లోవాళ్లు నేర్పింది మాత్రమే నేర్చుకునే సాఫ్ట్‌వేర్ వేయించాం. పిన్ని పాత ఉత్తరాలన్నీ దాని చేత చదివించాను. దొంగ కబుర్లు ఆగిపోయాయి.

నెల తిరక్కుండానే ఒక ఉదయం పెట్టె గణగణ మోగి, పిన్ని పేరుతో వచ్చిన ఉత్తరం చదివింది.

"ఏం కూరొండేవే? నేను పెరట్లో జారిపడ్డాను. కాలు విరిగిందంటున్నారు. కంగారుపడకండి."

"ఇదీ దొంగదే! ఎందుకు వదిలింది?" అని మావారు అరిచారు.

"పిన్నిగారు కూర సంగతి అడిగాకే ఏదైనా చెబుతారు. దొంగలు ఒక్కసారీ అడగలేదు," అంది పెట్టె.

దానికి దండం పెట్టి, పొయ్యి మీది కూరగిన్నెతోనే పిన్ని ఉండే సామర్లకోటకి బస్సెక్కాం. ఆసుపత్రి మంచం మీద, కట్టు కట్టిన కాలుతో పిన్ని. ఆవిడ నా చేతిలోని గిన్నె వైపు చూసింది.

"ఏం కూర తెచ్చేవే?"