కొండ ఎవరడిగారు?

దేశాల మధ్య ఒప్పందాలన్నీ యంత్రాలే రాసుకుంటున్న రోజులవి. ముప్పై ఏళ్లు అంతర్జాతీయ భద్రత బోధించిన ప్రొఫెసర్ మందాకినికి మిగిలిన పని వాటిని చదివి సంతకం పెట్టడమే. ఆ ఉదయం చిక్కుడుకాయలు ఒలుస్తుండగా కొత్త ఒప్పందం వచ్చింది. మన సైన్యం సరిహద్దు కొండ దిగిపోవాలట. ఎందుకో మూడుసార్లు చదివినా ఆమెకు బోధపడలేదు.

"మధ్యాహ్నంలోగా పెట్టెయ్యండి మేడమ్," అన్నాడు ఫోన్‌లో అధికారి.

పెడితే కొండ పోతుంది, పెట్టకపోతే యుద్ధం వస్తుందేమో. ఏమీ తోచక, అవతలి దేశంలో ఇదే పని చేసే ప్రొఫెసర్ నస్రీన్‌కు ఫోన్ చేసింది.

"ఆ కొండ మీవాళ్లెందుకు అడిగారండీ?"

"మేమెక్కడ అడిగాం? మీరే ఇస్తామన్నారట! ఎందుకిస్తున్నారో తెలియక పొద్దుట్నుంచి తల పట్టుకు కూర్చున్నా."

"సంతకం పెట్టారా?"

"చెయ్యి రాలేదు."

"నాకూ రాలేదు. మొదటి పేజీ తియ్యండి, కలిసి చదువుదాం," అంది మందాకిని.