టెస్సా అలా మాట్లాడదు

"చివరి బొమ్మలో టెస్సాను మేజర్ బ్రెంట్ కాపాడాలి," అంటూ ఎడిటర్ హాల్పెర్న్ పేజీని బల్ల మీదికి విసిరాడు.

కొన్చెట్టా పెన్ను పక్కన పెట్టింది. "ఏడు సంచికలైంది సార్. టెస్సాను ఎవరైనా కాపాడాల్సి వచ్చిందా?"

"నా బాధా అదే. ఆడపిల్ల విమానం నడిపింది, ఊరుకున్నాను. ఓడదొంగల్ని చితకబాదింది, ఊరుకున్నాను. మనది మగపిల్లలు కొనే పత్రిక. ఒక్కసారైనా ఆ మేజర్‌ని మగాడిలా ఉండనివ్వు తల్లీ."

1941లో న్యూయార్క్‌లోని ఆ పదో అంతస్తు గదిలో టెస్సా అనే కామిక్స్ పాత్రను పుట్టించింది కొన్చెట్టాయే. బొమ్మలూ, మాటల బుడగలూ, ఏ మాట ఎవరిదో చూపించే బుడగల తోకలూ అన్నీ ఆమె చేతివే. కథ మీద మాత్రం పెత్తనం హాల్పెర్న్‌ది.

చివరి బొమ్మలో టెస్సా, బ్రెంట్ విరిగిన తెప్ప మీద నిలబడి, ఇద్దరూ ఒకే తెడ్డు పట్టుకుని సొరచేపను ఎదుర్కొంటున్నారు.

"మళ్లీ గీసే టైం లేదు. నాలుగింటికి ప్రెస్ మనిషి వస్తాడు. పాత మాటలు గీకేసి ఇవి రాయి," అంటూ హాల్పెర్న్ ఒక కాగితం అందించాడు.

అందులో రెండే మాటలున్నాయి.

బ్రెంట్: భయపడకు. నా వెనక్కి రా. దీని సంగతి నేను చూసుకుంటా.

టెస్సా: నువ్వు లేకపోతే ఈపాటికి నా ప్రాణం పోయేది.

"టెస్సా అలా మాట్లాడదు సార్."

"నువ్వు రాస్తే మాట్లాడుతుంది. ఒక్క అక్షరం మారిందో, టెస్సాను ఇంకొకరు గీస్తారు. నువ్వు సబ్బుల ప్రకటనలు గీసుకుందువుగాని."

కొన్చెట్టా పేజీని దగ్గరికి లాక్కుంది. బ్లేడు తీసుకుని పాత బుడగలు గీకేసింది.

నాలుగింటికి ఐదు నిమిషాలు ఉందనగా హాల్పెర్న్ వచ్చాడు. కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాట కిందా పెన్సిల్ నడిపించాడు. ఫుల్‌స్టాపులు కూడా లెక్కపెట్టాడు.

"అచ్చుగుద్దినట్టుంది. చెప్పింది చేస్తే ఎంత హాయిగా ఉందో చూశావా?" అని పేజీ అంచున సంతకం గీకాడు. ప్రెస్ మనిషి పట్టుకుపోయాడు.

మూడు వారాల తర్వాత పత్రిక వచ్చింది. దాన్ని తెరిచి పట్టుకుని హాల్పెర్న్ కొన్చెట్టా బల్ల దగ్గరికి దూసుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏం చేశావ్ నువ్వు?"

"మీరు చెప్పిందే సార్. మీరే చూసి సంతకం కూడా పెట్టారు."

"ఒక్క అక్షరం మారకూడదన్నానా లేదా?"

"మారలేదు సార్," అంది కొన్చెట్టా, తల ఎత్తి అతని కళ్లలోకి చూస్తూ. "బుడగల తోకలే అటుదిటు, ఇటుదటు తిప్పాను."