నక్కకు దొరికిన వకీలు

ఉడుత తొర్రలో దాచుకున్న జొన్నలు పోయాయి. అడవి జమేదారు నక్క వెళ్లి ఎర్రపుంజును పట్టుకొచ్చి చెట్టుకు కట్టేసింది. పాపం, పుంజు ఆ తొర్ర ఛాయలకైనా పోలేదు. కానీ నేరం ఒప్పుకున్న దొంగ పట్టుకున్నవాడికే సొంతమని ఆ అడవి చట్టం.

పుంజు తరఫు వకీలు తాబేలు కబురంపింది: "బయల్దేరాను. నేనొచ్చేదాకా ముక్కు విప్పకు. నోరు మూసుకు కూర్చునే హక్కు నీకుంది."

హక్కట, హక్కు! తన కూతకే లోకం తెల్లారుతుందని నమ్మే జాతి పుంజుది. అలాంటి తాను నక్క ముందు మూగమొద్దులా కూర్చోవాలా? అయినా వకీలు మాట కదా అని ఓర్చుకుంది.

నక్క ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. పక్కన చతికిలబడి నిట్టూర్చింది. "పొరపాటున నిన్ను తెచ్చాను బాబూ. అంత ఎత్తు ఎగిరి, ఉడుత కళ్లుగప్పి రావడం నీవల్ల అయ్యే పనా? ఇది ఏటి అవతలి నల్లపుంజు పనే. మగాడంటే వాడు!"

పుంజు మెడ మీది ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"వాడా? గంప మీదికి ఎగరలేని సన్నాసి! ఈ అడవిలో అంత దమ్ము నా ఒక్కడికే ఉంది. నేనే తీశాను, పో!"

తాబేలు వచ్చేసరికి నక్క చొంగ కారుస్తూ తాడు విప్పుతోంది.

"వకీలుగారూ, ఏదో ఒకటి వాదించండి!" అని పుంజు గోలపెట్టింది.

"నీ తరఫున వాదిద్దామనే వచ్చాను నాయనా," అంది తాబేలు. "నువ్వేమో ఈలోపే నక్క తరఫున వాదించి గెలిచావు."

అని తల లోపలికి లాక్కుంది.