గెనిమ పక్క రాయి

“ఆ మూల తప్ప యాడైనా తవ్వుకోండని సెప్తిని గదా!” అంటూ మునీశ్వరి పార పట్టుకుని గెనిమ గట్టు దిగింది.

పెద్దపంజాణి దగ్గర ఆమె చేనులో వేల ఏళ్లనాటి సమాధుల కోసం తవ్వకం జరుగుతోంది. గెనిమ పక్కన రాయి ఉన్న ఆ మూల ఎందుకు వద్దో ఎన్నిసార్లు అడిగినా ఆమె చెప్పలేదు. విద్యార్థులతో వచ్చిన లెక్చరర్ గ్లోరియాకు ఓపిక నశించింది.

“నిధి పోతుందనేగా మీ ఏడుపు? మాకు పర్మిషన్ ఉంది. పక్కకు జరగండి.”

“నా సేన్లో నన్నే జరగమంటావా?”

ఒక విద్యార్థి ఆమె చేతిలోని పార లాక్కున్నాడు. గ్లోరియా ఆమెకు వీపు తిప్పి పాఠం మొదలుపెట్టింది.

“రాయి పనిగట్టుకుని పెట్టారంటే కింద సమాధి ఉండొచ్చు. మట్టి రంగు మారితే అది ఎవరో తవ్వి పూడ్చిన గుంత. కింది పొర పాతది, పై పొర కొత్తది. గుంత ఏ పొర నుంచి మొదలైందో చూస్తే దాని వయసు తెలుస్తుంది.”

రాయి దొర్లించారు. కింద మట్టి రంగు మారి ఉంది.

“చెప్పానా!” అంటూ గ్లోరియా తాపీతో గీకుతూ పోయింది. గుంత మొన్న దున్నిన పైపొర నుంచే మొదలైంది. మూరెడు లోతులో రెండు బుల్లి నల్లగాజులు, ఒక ప్లాస్టిక్ గిలక్కాయ కనిపించాయి.

తాపీ ఆగిపోయింది.

“యాల ఆపితివి మేడమ్? ఎంత పాతదో సెప్పు.”

గ్లోరియా చేత్తో మట్టి కప్పబోయింది. మునీశ్వరి ఆ చేతిని విసిరికొట్టింది.

“ముట్టుకోవద్దు. కుక్కలు తవ్వకూడదని ఆ రాయి మోసుకొచ్చి పెట్టింది నేనే.”