మొక్కు కాంటా

శ్యాంసుందర్ సేటు చేతిలో మొదట ఉన్నవి ఇవి: దుకాణం నిండా బెల్లం, మనిషి ఎక్కి నిలబడే కాంటా, దగ్గరకొచ్చిన సమ్మక్క జాతర. కరీంనగర్ గంజ్‌లో ఈ మూడూ మిగతా బెల్లం వ్యాపారులకూ ఉన్నాయి. వరుస మాత్రం శ్యాంసుందర్ దుకాణం ముందే కట్టేది.

ఆ వరుసను తప్పించుకుంటూ వందన లోపలికి వచ్చింది.

"సేటూ, మీ తోటి జర పనుండె."

"బంగారమా మేడం? కాంటా ఎక్కుండ్రి."

అమ్మవార్లకు మనిషి బరువుకు సరిపడా బెల్లం మొక్కుకుంటారు. జాతరలో ఆ బెల్లాన్నే బంగారం అంటారు.

"బంగారానికి కాదు. నేను యూనివర్సిటీల హెల్త్ ఇంజినీరింగ్ చెప్త."

"అంటే డాక్టరా, ఇంజినీరా?"

"రెండింటి నడిమిట్ల. రోగం ముదురకముందే పట్టుకునే మిషిన్లు చేసుడు నేర్పుతం."

"సరుకు మంచిదే. గిరాకీ ఉన్నదా మరి?"

వందనకు నవ్వు రాలేదు. అతను అడిగిన ప్రశ్నే ఆమెకు నిద్ర లేకుండా చేస్తోంది. ఆ డిగ్రీని ప్రయోగంగా మొదలుపెట్టారు. కొనసాగించాలో వద్దో తేల్చడానికి ఎండాకాలంలోపే కమిటీ వస్తుంది. ఈ జిల్లాకు ఈ చదువు ఎందుకో జనం ఆరోగ్యపు కొలతలతో చూపించాలి. చూపించలేకపోతే పిల్లలను వేరే బ్రాంచీల్లో సర్దేస్తారు. వందనది కాంట్రాక్టు ఉద్యోగం, ఆమెను సర్దడానికి బ్రాంచీ కూడా లేదు.

"ఊర్లల్ల తిరుగలేదా మేడం?"

"తిరిగినం. మిషిన్ చూస్తెనే తలుపులేస్తున్నరు. మెట్‌పల్లి దిక్కు ఒకామె, రక్తం గుంజుకపోను వచ్చిండ్రని మా మీదికి కుక్కను ఇడిశింది."

సేటు కిసుక్కున నవ్వాడు.

"మీ దగ్గర పిలువకుండనే వరుస కడ్తుండ్రు," అంది వందన. "చెప్పులిడిశి, కదలకుండ నిలబడ్తుండ్రు. నాకు గా ఒక్క నిమిషం ఇయ్యిండ్రి. కాంటా పక్కన మా మిషిన్ పెట్టుకుంటం."

ఆమె విద్యార్థులు తయారుచేసిన మిషిన్ బయట ఆటోలో ఉంది. నిలువు గొట్టం, దానికి రెండు పిడులు. సేటు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది తూకం గుడ చూస్తదా?"

"లేదు. ఎత్తు, నాడి చూస్తది. బరువు మీ కాంటాదే రాసుకుంటం."

"మా కాంటాదే?"

"అమ్మవారి మొక్కు తూచే కాంటా సేటూ. దానికన్న నిజమైంది ఇంకేడ దొరుకుతది?"

సేటు గొట్టం మీది దుమ్మును కండువాతో తుడిచాడు. "సరే పెట్టుకోండ్రి. కిరాయి వద్దు. యూనివర్సిటీ పేరుతోని బోర్డు మాత్రం నా దుకాణం మీద పెట్టాలె. సడక్ మీది బస్సులకెళ్లి కనవడాలె."

మర్నాడే బోర్డు వెలిసింది. వరుస మూల మలుపు దాటింది.

మంథని నుంచి హనుమండ్లు భార్యను తీసుకొచ్చాడు. రామవ్వ కాంటా ఎక్కి పిడులు పట్టుకుంది. అంకె చూసి హనుమండ్లు నోరు తెరిచాడు.

"గిదేం విచిత్రమే! ఇంట్ల నువ్వు కూసుంటె మంచం కిర్రుమంటది. ఈడ కోడిపిల్ల లెక్క తూగుతున్నవ్."

"నువ్వు పెట్టే తిండికి ఇంకెంత తూగుత? తక్కువ తూగితె బెల్లం తక్కువ, పైసలు నీకే మిగులుతయి. నోర్మూసుకొని కొను."

వరుసంతా నవ్వింది. వందన మాత్రం రామవ్వ ఎత్తునూ బరువునూ పక్కపక్కన పెట్టి చూసి, తల పట్టుకుంది. ముందు వచ్చినవాళ్ల లెక్కా అలాగే ఉంది. జాతర ముగిసేదాకా అలాగే వచ్చింది. ఏ ఊరి మనిషైనా ఎత్తుకు తగ్గ బరువు లేడు.

కమిటీ వచ్చింది. పెద్దాయన మధుసూదన్‌రావు, పాతకాలపు ఇంజినీరు, ఏదీ ఊరికే ఒప్పుకునే రకం కాదు.

"బెల్లం దుకాణంల కొలతలా? గా కాంటాను ఎట్ల నమ్మాలె అమ్మా?"

ఈ ప్రశ్నకు వందన సిద్ధంగానే ఉంది. "సార్, బెల్లం అమ్మేటాయన మోసం చెయ్యాలనుకుంటె బరువు ఎక్కువ చూపిస్తడు. అప్పుడే గద బెల్లం ఎక్కువ పోయేది. మాకు వచ్చినవన్నీ తక్కువ బరువులు."

మధుసూదన్‌రావు కళ్లజోడు తీశాడు. "అంటే కాంటాల మోసమే ఉంటె, అసలు బరువులు ఇంకా తక్కువని అర్థం."

"అవును సార్. పక్క దుకాణాలు ఖాళీగున్నా జనం ఈయన దగ్గరే నిలబడ్డరు. నమ్మకం లేంది నిలబడ్తరా?"

ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలలూపారు.

"గీ జిల్లాకు గీ చదువు కావాలె," అన్నాడు.

ఆ ఏడు చివరికి తేలిన లెక్క ఇది. డిగ్రీ స్థిరపడింది. వందన ఉద్యోగం నిలిచింది. విద్యార్థుల తొలి ప్రాజెక్టు కింద, చుట్టుపక్కల బడిపిల్లలకు బలం కోసం రోజూ పల్లిపట్టీ పెట్టి మార్పును కొలవాలని నిర్ణయించారు. ఆ పల్లిపట్టీలు చేసిచ్చే పని శ్యాంసుందర్ సేటుకే దక్కింది. జాతర బెల్లం అంతకుముందే అమ్ముడుపోయింది. పక్క దుకాణాల్లో మిగిలిన బెల్లాన్ని కూడా పల్లిపట్టీల కోసం అతనే చవకగా కొన్నాడు.

సేటు కాంటా మనిషికి ఐదు కిలోలు తక్కువ చూపేలా తిప్పిపెట్టి ఉంది.